బేస్‌బాల్ స్వింగ్‌లో బలం: బరువు ముందుకు తేవాలా, తుంటి తిప్పాలా?

అమెరికా మేజర్ లీగ్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ తన కెరీర్‌లో కొట్టిన హోమ్ రన్లు (కంచె దాటి పోయే షాట్లు) 521. ఫ్రాంక్ థామస్ కొట్టినవీ సరిగ్గా 521. వాళ్లు నేర్చుకున్న పాఠాలు మాత్రం రెండు వేర్వేరు గురుపరంపరలవి.

విలియమ్స్ 1941లో బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున 0.406 సగటు (వెయ్యి ప్రయత్నాలకు 406 హిట్ల లెక్క) సాధించాడు. అమెరికన్ లీగ్‌లోగానీ నేషనల్ లీగ్‌లోగానీ ఆ తర్వాత ఎవరూ 0.400 అందుకోలేదు. తుంటి ముందు తిరగాలి, చేతులు దాని వెంట రావాలి, బ్యాట్ కొద్దిగా పైకి లేస్తూ బంతిని కలవాలి అన్నది ఆయన వాదం. థామస్ చికాగో వైట్ సాక్స్‌లో వాల్ట్ రినియాక్ దగ్గర సాధన చేశాడు. రినియాక్‌కు దారి చూపినవాడు చార్లీ లావ్. బరువు వెనక కాలి మీది నుంచి ముందు కాలి మీదికి రావాలి, తల కదలకూడదు, బంతి తగిలాక పై చెయ్యి (పట్టులో పైన ఉండే వెనక చెయ్యి) వదిలేసి బ్యాట్‌ను బారుగా పోనివ్వాలి అని లావ్ నేర్పేవాడు. ఆయన చేతికింద ఎదిగిన జార్జ్ బ్రెట్ 1980లో 0.390 కొట్టాడు.

విలియమ్స్ దారికి రొటేషనల్ అని, లావ్ దారికి లీనియర్ అని పేర్లు స్థిరపడ్డాయి. అమెరికాలో పిల్లల మైదానాల దగ్గర ఇప్పటికీ ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. ఒక కోచ్ "వెనక పాదం తిప్పు" అంటాడు. వారం తర్వాత ఇంకో కోచ్ "బంతి మీదికి వెళ్లు" అంటాడు. పిల్లవాడు రెండూ సగం సగం చేసి, అంతకుముందు కొట్టిన బంతి కూడా కొట్టలేకపోతాడు. స్వింగ్‌లో ఏ భాగం అందరికీ ఒకటే, ఏ భాగం మనిషిని బట్టి మార్చుకోవచ్చు అన్నది ముందు తేల్చుకుంటే ఈ గందరగోళం చాలావరకు పోతుంది. ఆ రెండో రకం భాగాల్లోనే ఎంపిక అనే మాటకు అర్థం ఉంది.

అందరికీ ఒకటే అయిన భాగం

బంతి బ్యాట్‌ను అంటుకుని ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. ఆ వ్యవధిలో చేతులు చేయగలిగింది ఏమీ లేదు. తగిలాక ఇంకా నెట్టమని చెప్పే సలహా అందుకే బంతికి ఏమీ ఇవ్వదు. ఆ క్షణంలో పట్టు బిగించినా సడలించినా బంతి వేగంలో తేడా కనబడదు. తగిలే సమయానికి బ్యారెల్ (బ్యాట్ లావు భాగం) ఎంత వేగంగా వస్తోంది, బంతి బ్యారెల్ మీద ఏ చోట పడింది, ఏ కోణంలో పడింది, ఈ మూడే లెక్క.

వేగానికి మోటు లెక్క ఒకటుంది. బ్యాట్ వేగాన్ని 1.2తో గుణించండి, ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) దగ్గరికి వచ్చేసరికి బంతికి మిగిలిన వేగాన్ని 0.2తో గుణించండి, రెండూ కలపండి. గంటకు 86 మైళ్లతో వచ్చిన బంతిని 72 మైళ్ల బ్యాట్ సరైన చోట కొడితే 86.4కు 17.2 కలిసి దాదాపు 104 మైళ్లు. బ్యాట్ వేగం ఒక మైలు పెరిగితే బంతికి 1.2 మైళ్లు దక్కుతాయి. పిచర్ (బంతి విసిరేవాడు) ఒక మైలు ఎక్కువ వేస్తే దక్కేది 0.2 మాత్రమే. పిచర్ వేగాన్నే వాడుకుని దూరం కొట్టవచ్చని నమ్మేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024లో ఆటగాళ్ల బ్యాట్ వేగాలను బయటపెట్టింది. సగటు 72 మైళ్ల దగ్గర ఉంది. జియాన్‌కార్లో స్టాంటన్ 81 దరిదాపుల్లో, లూయిస్ అరాయెజ్ 63 దరిదాపుల్లో ఉన్నారు. అయినా అరాయెజ్ 2022, 2023, 2024ల్లో వరసగా మూడుసార్లు, మూడు వేర్వేరు జట్ల తరఫున, బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక సగటు) గెలిచాడు. బంతిని బ్యారెల్ నడిమధ్యకు తెచ్చుకునే నేర్పు విడిగా ఒక విద్య, దాన్ని తక్కువ చేయకూడదు. ఇక్కడ మన చర్చ మాత్రం వేగం గురించి, దూరం గురించి.

ఆ వేగం ఒక వరసలో పుడుతుంది: తుంటి, మొండెం, చేతులు, చివరికి బ్యాట్. ఒక్కొక్కటి ముందు వేగం అందుకుని, తాను నెమ్మదిస్తూ తర్వాతిదానికి ఇస్తుంది. కొరడా ఝళిపించేటప్పుడు పిడి పట్టిన చెయ్యి ఆగితేనే కొస చెళ్లుమంటుంది. స్వింగ్‌లో ఆ ఆగే పని మొదలుపెట్టేది ముందు కాలు. మడమ నేలకు దిగినప్పుడు ముందు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, బంతి తగిలే వేళకు దాదాపు నిటారుగా బిగుస్తుంది. ముందుకు వస్తున్న శరీరానికి అక్కడ అడ్డు పడుతుంది. ముందు తుంటి అక్కడే ఆగిపోవడంతో వెనక తుంటి దాని చుట్టూ గిర్రున తిరిగి వస్తుంది. తలుపు తన బందు మీద తిరిగినట్టు ఊహించుకోండి. ఆ బందు ముందు కాలు.

అంటే ముందుకు కదలడం ఇంధనం, దాన్ని తిప్పుడుగా మార్చేది ముందు కాలు. విలియమ్స్ కూడా అడుగు ముందుకు వేసేవాడు. థామస్ తుంటి కూడా పూర్తిగా తిరిగేది. ఇద్దరి స్వింగ్‌లనూ ముందు మడమ దిగిన క్షణం నుంచి బంతి తగిలేదాకా చూస్తే, వాదనలో వినిపించినంత దూరం కనబడదు. తేడాలు అంతకుముందూ, ఆ తర్వాతా ఉన్నాయి.

ఈ భాగంలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ముందు మడమ దిగేసరికి తుంటి పిచర్ వైపు తెరుచుకోవడం మొదలై ఉండాలి, భుజాలు మాత్రం ఇంకా మూసి ఉండాలి, చేతులు వెనక భుజం దగ్గరే ఉండాలి. పొట్ట, నడుము పక్కల కండరాలు అప్పుడు సాగి, తిరిగి ముడుచుకుంటూ మొండేన్ని లాగుతాయి. తుంటి, భుజం ఒకేసారి తిరిగితే ఆ సాగు ఉండదు, చూడ్డానికి బలంగా ఊపినట్టే ఉన్నా బంతి మాత్రం నీరసంగా పోతుంది. పదేళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

మట్టిలో గుర్తు చూసి తేల్చుకోండి

వెనక పాదంతో పురుగును నలిపినట్టు తిప్పమని తరతరాలుగా పిల్లలకు చెబుతున్నారు. తుంటి అసలే తిప్పని పిల్లవాడికి మొదటి వారం ఈ మాట ఉపయోగపడుతుంది. అక్కడితో ఆపకపోతే బరువు వెనక కాలి మీదే ఉండిపోయి, శరీరం బొంగరంలా ఉన్నచోటే తిరగడం అలవాటవుతుంది. బలంగా కొట్టే పెద్ద ఆటగాళ్ల వీడియో నెమ్మదిగా చూడండి. బంతి తగిలే క్షణంలో వెనక పాదం మీద బరువు దాదాపు ఉండదు. బొటనవేలి కొస మాత్రం నేలను అంటుకుని ఉంటుంది, కొందరిలో అదీ గాల్లోకి లేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు. బ్యాటర్స్ బాక్స్‌లో మట్టిని చీపురుతో చదును చేసి, అయిదు స్వింగ్‌లు చేయించి, వెనక కాలు ఉన్నచోట వంగి చూడండి. మూడు రకాల గుర్తులు కనబడతాయి.

గుండ్రంగా, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద గుంట పడి, చుట్టూ మట్టి వలయంలా లేచి ఉంటే బరువు వెనకే ఉండిపోయిందన్నమాట. బొటనవేలు గీసిన సన్నటి గీత పిచర్ వైపు నాలుగైదు అంగుళాలు సాగి, చివర మాయమైపోతే బరువు ముందుకు వచ్చి సరైన చోట ఆగింది. అడుగు పొడవునా ఈడ్చిన చార ఉండి, ముందు పాదం బయటి అంచు మట్టిలోకి దిగబడి ఉంటే శరీరం ముందు కాలిని దాటి పోయింది.

మొదటి గుర్తు కనిపించే బ్యాటర్‌ది అతిగా రొటేషనల్ స్వింగ్. మైదానంలో అతని లక్షణాలు ఇలా ఉంటాయి: ముందు భుజం తొందరగా తెరుచుకుంటుంది, ప్లేట్ బయటి అంచు మీదుగా వెళ్లే బంతి అందదు, లోపలి బంతి బలంగా తగిలినా ఫౌల్ గీత బయటికి వంకర తిరిగిపోతుంది. కుడిచేతి బ్యాటర్ అయితే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) వైపు దొర్లుడు బంతులు ఎక్కువ. ఇతనికి లావ్ మాటలు మందు. ముందు తుంటి పిచర్ వైపు జరగనివ్వాలి, భుజం కాసేపు మూసి ఉంచాలి. టీని (బంతిని నిలబెట్టే స్టాండును) ప్లేట్ బయటి అంచుకు, కొంచెం వెనక్కి పెట్టి, కుడి మైదానం వైపు 25 బంతులు కొట్టించండి. బొంగరంలా తిరిగితే ఆ బంతి అందదు కాబట్టి ఈ డ్రిల్ ఎవరూ చెప్పకుండానే తప్పు దిద్దుతుంది.

మూడో గుర్తు అతిగా లీనియర్. ఇతను వేగమైన బంతిని ఎలాగో కొడతాడు, చేంజప్ (వేగంగా వస్తుందనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) వచ్చేసరికి మాత్రం బరువంతా ముందే ఖర్చయిపోయి ఉంటుంది. ఉత్త చేతులతో బంతిని తాకుతాడు. ఇన్‌ఫీల్డ్ మీదుగా మెత్తగా పడే బంతులు, కొసకు తగిలినవి ఎక్కువ. తల ఆరేడు అంగుళాలు ముందుకు కదలడంతో బంతి ఉన్నదానికంటే వేగంగా వస్తున్నట్టు తోస్తుంది. ఇతనికి విలియమ్స్ మాటలు కావాలి. కాళ్లు భుజాల కంటే వెడల్పుగా పెట్టి, అడుగు వేయకుండా, ముందు మడమ నేలకు ఆనించే స్వింగ్ చేయించండి. బంతి తగిలాక రెండు సెకన్లు కదలకుండా నిలబడమనండి. ముందు మోకాలు బొటనవేలు దాటి వంగితే ఆ స్వింగ్ లెక్కలోకి రాదు.

ఏ గుర్తూ స్థిరంగా లేని కొత్త పిల్లలకు మొదట ఏది నేర్పాలి? బరువు ముందుకు తేవడం. రాయి విసరమంటే పిల్లవాడు తనంతట తానే కాలు ముందుకు వేస్తాడు, ఆ కదలిక ఒంట్లో ముందే ఉంది. దాన్ని ఆపే ముందు కాలిని తర్వాత బిగించవచ్చు. మొదటే ఉన్నచోట తిరగడం నేర్చుకున్నవాడికి ముందుకు రావడం నేర్పాలంటే నెలలు పడుతుంది.

కాలు ఎంత ఎత్తాలి

ఇక్కడ నిజమైన ఎంపిక ఉంది. దీన్ని తేల్చేది టైమింగ్.

పన్నెండేళ్లలోపు లిటిల్ లీగ్‌లో పిచర్ 46 అడుగుల దూరం నుంచి 50 మైళ్ల బంతి వేస్తే, అది ప్లేట్ చేరడానికి సుమారు 0.6 సెకను. హైస్కూల్లో దూరం 60 అడుగుల 6 అంగుళాలు, 80 మైళ్ల బంతికి అర సెకను కంటే కాస్త తక్కువ. మేజర్ లీగ్‌లో 95 మైళ్ల బంతికి 0.4 సెకను. స్వింగ్ ఒక్కదానికే 0.15 సెకను పోతుంది. మిగిలిన సమయంలో బంతి ఏ రకమో చూడాలి, కొట్టాలా వద్దా నిర్ణయించుకోవాలి, కాలు దించాలి.

లెగ్ కిక్‌లో మోకాలు బెల్టు ఎత్తుకు వస్తుంది. శరీరం వెనక తుంటిలోకి బాగా ఒదుగుతుంది, ముందుకు వచ్చే ఊపు ఎక్కువ. జపాన్‌లో సదహారు ఓ 1962లో కోచ్ హిరోషి అరకావా దగ్గర ఒంటికాలి నిలుపు మొదలుపెట్టాడు. కొంగలా ఒక కాలి మీద నిలబడి బంతి కోసం ఆగే ఆ బ్యాటర్ కెరీర్ ముగిసేసరికి 868 హోమ్ రన్లు కొట్టాడు. దీనికి చెల్లించాల్సిన ధర టైమింగ్‌లో ఉంది. కాలు తొందరగా లేపాలి, గాల్లో ఉండగా బంతి వేగం మారితే ఆగగలిగే నిలకడ ఒంటికాలికి ఉండాలి. వెనక కాలి మీద బ్యాట్‌తో సహా కదలకుండా అయిదు సెకన్లు నిలబడలేని పిల్లవాడికి లెగ్ కిక్ ఇవ్వకండి.

టో ట్యాప్‌లో ముందు పాదాన్ని కొంచెం వెనక్కి తెచ్చి, వేళ్లతో నేల తాకి, మళ్లీ ముందుకు పెడతారు. ఊపు కాస్త తగ్గుతుంది, పాదం ఎప్పుడూ నేలకు దగ్గరే కాబట్టి టైమింగ్ సులువు. ఇంకా చిన్నది మడమ మాత్రం లేపి దించడం. షోహెయ్ ఓహ్తాని జపాన్ నుంచి లెగ్ కిక్‌తో వచ్చాడు. 2018 వసంతకాలపు సన్నాహక మ్యాచ్‌ల్లో అమెరికా పిచర్ల వేగానికి కాలు సమయానికి దిగక ఇబ్బంది పడి, సీజన్ మొదలయ్యేలోపే కాలు ఎత్తడం మానేశాడు. ఆ ఏడు 22 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు, 2024లో 54 కొట్టాడు. కాలు తగ్గించుకుంటే బలం పోతుందని భయపడేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మూడోది వెడల్పు నిలుపు, కాలు దాదాపు కదలదు. ఆల్బర్ట్ పూహోల్స్ 703 హోమ్ రన్లలో ఎక్కువ భాగం ఇలాంటి నిలుపుతోనే వచ్చాయి. తుంటిలో, తొడల్లో చాలా బలం ఉన్నవాళ్లకు ఇది చాలు. సన్నగా ఉన్న పద్నాలుగేళ్ల కుర్రాడు దీన్ని అనుకరిస్తే చేతులతోనే కొట్టడం అలవాటవుతుంది.

ఎంచుకునే పద్ధతి సులువే. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో పక్కనుంచి పది బంతులు తీయండి. స్వింగ్ 0.15 సెకను అంటే 36 ఫ్రేములు, కంటికి అందనిదంతా అందులో కనబడుతుంది. చేతులు ముందుకు కదలడం మొదలైన ఫ్రేములో ముందు మడమ నేల మీద ఉందా? పదిలో మూడుసార్ల కంటే ఎక్కువ గాల్లో ఉంటే ఒక మెట్టు దిగండి: లెగ్ కిక్ నుంచి టో ట్యాప్‌కు, దాన్నుంచి మడమ లేపడానికి. మడమ ప్రతిసారీ మరీ ముందే దిగి, శరీరం కాసేపు బిగదీసుకుని ఎదురుచూస్తుంటే ఒక మెట్టు ఎక్కవచ్చు. మూడో స్ట్రైకుకు ఔట్ కాబట్టి, రెండు స్ట్రైకులు పడ్డాక చిన్న కదలికకు మారేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ సాధన చేసిన వాళ్లకు అది మంచి పద్ధతే.

బ్యాట్ దారి: కిందికా, అడ్డంగానా, పైకా

గొడ్డలి దించినట్టు బంతి మీదికి కిందికి కొట్టమని చెప్పే కోచ్‌లు ఇంకా ఉన్నారు. దీని సంగతి నోటితో వాదించడం కంటే కొలిచి చూడటం మేలు.

పిచర్ పది అంగుళాల దిబ్బ మీద నిలబడి వేస్తాడు, బంతి భూమ్యాకర్షణతో ఇంకా కిందికి దిగుతుంది. ఫాస్ట్‌బాల్ ప్లేట్ మీదికి సుమారు 6 డిగ్రీలు కిందికి దిగుతూ వస్తుంది, కర్వ్‌బాల్ (వంకర తిరుగుతూ దిగే బంతి) 10 దాకా. ఇప్పుడు బ్యాట్ 10 డిగ్రీలు కిందికి దిగుతూ వెళ్తోందనుకోండి. ఫాస్ట్‌బాల్ దారీ బ్యాట్ దారీ 16 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి కోసుకుంటాయి. టైమింగ్‌లో ఆరు అంగుళాల తేడా వస్తే రెండు దారుల మధ్య 1.7 అంగుళాల ఎడం. బంతి అడ్డుకొలత 3 అంగుళాల లోపే కాబట్టి, అంత ఎడంలో అది గట్టి షాట్ కాలేదు. అదే బ్యాట్ 8 డిగ్రీలు పైకి లేస్తూ వెళ్తే దారుల మధ్య కోణం 2 డిగ్రీలే, ఆరు అంగుళాలకు ఎడం 0.2 అంగుళం. కొంచెం తొందరపడినా, కొంచెం ఆలస్యమైనా బంతి బ్యారెల్‌కే తగులుతుంది. కాస్త పైకి లేచే స్వింగ్ హోమ్ రన్ల కోసమే అనుకుంటారు చాలామంది. బంతి తగిలే అవకాశాన్ని కూడా అదే పెంచుతుంది. అందుకే 5 నుంచి 12 డిగ్రీల పైచూపు మంచిది. 20 దాటితే పైన వచ్చే ఫాస్ట్‌బాల్‌కు కిందినుంచి బ్యాట్ పోతుంది.

మరి కిందికి కొట్టమనే సలహాతో బాగుపడినవాళ్లు ఉన్నారు కదా? ఉన్నారు. బ్యారెల్‌ను మొదట్లోనే నడుము కిందికి పడేసి, వెనక మోచేయిని చేతుల కంటే ముందుకు ఈడ్చే బ్యాటర్‌కు ఆ మాట వింటే బ్యాట్ దారి సరిపడా మెరుగవుతుంది. అతనికి కిందికి కొట్టినట్టు అనిపిస్తుంది, వీడియోలో మాత్రం బ్యాట్ పైకే వెళ్తుంటుంది. పెద్ద ఆటగాళ్లు తాము కిందికి కొడతామని చెప్పడం వెనక ఉన్నదీ ఇదే. అనిపించేదీ జరిగేదీ వేరువేరు. ఆ మాటను ముందే దొర్లుడు బంతులు కొట్టే పిల్లవాడికి ఇస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

పైకి లేచే కోణం మణికట్ల నుంచి రాకూడదు. మొండెం ప్లేట్ వైపు ఒరగడం వల్ల రావాలి. తగిలే క్షణంలో వెనక భుజం ముందు భుజం కంటే కిందికి ఉంటుంది, వెనక మోచేయి పక్కటెముకల దగ్గర, పై చేతి అరచేయి ఆకాశం వైపు, కింది చేతి అరచేయి నేల వైపు. బంతి ఎంత కిందికి వస్తే మొండెం అంత ఒరుగుతుంది. చేతులతో ఎత్తేవాళ్ల బంతి నిలువునా గాల్లోకి లేచి క్యాచర్ దగ్గరే పడుతుంది.

ఏ లాంచ్ యాంగిల్ (బంతి బ్యాట్ నుంచి పైకి లేచే కోణం) కోసం ప్రయత్నించాలన్నది వయసును బట్టి కాదు, ఎగ్జిట్ వెలాసిటీని (బ్యాట్ నుంచి వెళ్లేటప్పుడు బంతి వేగాన్ని) బట్టి తేల్చాలి. బాగా తగిలిన బంతికి కూడా మేజర్ లీగ్‌లో బ్యారెల్ అనే పేరుంది; అలా లెక్కించాలంటే బంతి కనీసం 98 మైళ్లతో, 26 నుంచి 30 డిగ్రీల మధ్య లేవాలి. వేగం పెరిగేకొద్దీ ఆ కోణాల పరిధి విస్తరిస్తుంది. 75 మైళ్లతో కొట్టే హైస్కూల్ కుర్రాడు 28 డిగ్రీలు లేపితే బంతి 250 అడుగుల చుట్టుపక్కల పడుతుంది, అంటే నేరుగా ఔట్‌ఫీల్డర్ చేతిలో. అతనికి 10 నుంచి 20 డిగ్రీల లైన్ డ్రైవ్ (తక్కువ ఎత్తులో నేరుగా దూసుకుపోయే షాట్) లాభం. అదే 75 మైళ్లు 200 అడుగుల కంచె ఉన్న పిల్లల మైదానంలో అయితే హోమ్ రన్. జె.డి. మార్టినెజ్ 2014 మార్చిలో ఒక జట్టు వదిలేసిన ఆటగాడు. అప్పటికే తన స్వింగ్‌ను మార్చుకున్న అతను అదే ఏడు డెట్రాయిట్ టైగర్స్‌కు 0.315 సగటుతో 23 హోమ్ రన్లు కొట్టాడు. అతని కథ విని తమ పిల్లవాడి బ్యాట్‌ను ఆకాశానికి తిప్పే తల్లిదండ్రులు, అతని బ్యాట్ వేగం ముందే పెద్దవాడిదని గుర్తుపెట్టుకోవాలి.

చివర్లో ఒక చెయ్యి వదలడం

లావ్ శిష్యులు వదులుతారు, చాలామంది రెండు చేతులతో ముగిస్తారు. బంతి అప్పటికే వెళ్లిపోయింది కాబట్టి దాని దూరంలో తేడా ఉండదు. ముందు భుజం బిగుసుకుని, రెండు చేతులతో తిప్పితే మెడ దగ్గర పట్టేసేవాళ్లు వదిలితే సుఖం. బంతి తగలకముందే పై చెయ్యి వదిలేసే అలవాటు పడకుండా చూసుకుంటే చాలు.

క్రికెట్ ఆడిన చేతులకు

టెక్సాస్, న్యూజెర్సీ లాంటి చోట్ల తెలుగు కుటుంబాల పిల్లలు శనివారం క్రికెట్, ఆదివారం బేస్‌బాల్ ఆడటం ఉంది. నాన్న దగ్గర నేర్చుకున్న క్రికెట్‌లో కొన్ని అలవాట్లు ఇక్కడ సాయపడతాయి, కొన్ని అడ్డం వస్తాయి.

పుల్ షాట్ బాగా ఆడే పిల్లవాడికి తుంటి తిప్పడం చెప్పక్కర్లేదు. కళ్లు బంతి మీద నిలపడం కూడా వచ్చే ఉంటుంది. అడ్డం వచ్చేది ముందు కాలు. క్రికెట్‌లో పాదం బంతి పడే చోటుకు వెళ్తుంది. ఆఫ్ స్టంప్ బయట పడితే అటు, కాళ్ల మీదికి వస్తే ఇటు. బేస్‌బాల్‌లో ప్రతి బంతికీ పాదం ఒకే చోటుకు, పిచర్ వైపే వెళ్లాలి. బంతి ఎటు వస్తోందో తెలిసేసరికి అడుగు పడిపోయి ఉంటుంది. బయటి బంతి వైపు అడుగు వేస్తే తుంటికి తిరిగే చోటుండదు.

రెండోది మోచేయి. నిటారు బ్యాట్ కోసం ముందు మోచేయి ఎత్తి, ముందు చేతితో నడిపించే అలవాటు ఇక్కడ బ్యారెల్‌ను ఆలస్యం చేస్తుంది. డ్రైవ్ ఆడినట్టు ముందు చెయ్యి బారచాపి బిగిస్తే బ్యాట్ పెద్ద వలయం తిరిగి వస్తుంది, లోపలి బంతి పిడి దగ్గర తగిలి చేతులు జివ్వుమంటాయి. పట్టు కూడా మార్చాలి. హ్యాండిల్‌ను అరచేతిలో కాకుండా వేళ్లలో పట్టుకుని, తలుపు తట్టే వేళ్ల కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒకే వరసలోకి తెస్తే మణికట్లు వదులుగా తిరుగుతాయి.

బ్యాట్ బరువు

పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో చెప్పి, రెంటి తేడాను డ్రాప్ అంటారు. 30 అంగుళాలు, 20 ఔన్సులు అయితే మైనస్ 10. అమెరికా హైస్కూల్, కాలేజీ ఆటలో లోహపు బ్యాట్‌కు తేడా 3 కంటే ఎక్కువ ఉండకూడదు. 33 అంగుళాల బ్యాట్ 30 ఔన్సులకు తగ్గదు. పిల్లల లీగ్‌లకు 2018 నుంచి యుఎస్ఏ ముద్ర ఉన్న బ్యాట్లు వచ్చాయి. కొనేముందు మీ లీగ్ ఏ ముద్ర అడుగుతుందో కనుక్కోండి.

బరువైన బ్యాట్ అదే వేగంతో తిరిగితే బంతి ఎక్కువ దూరం పోతుంది, చిక్కల్లా అదే వేగంతో తిరగకపోవడమే. పిల్లల్లో చాలాసార్లు తేలిక బ్యాట్ గెలుస్తుంది. రెండు బ్యాట్లు అరువు తెచ్చి, టీ మీద ఒక్కోదానితో పది బంతులు కొట్టించి, రాడార్‌తో ఎగ్జిట్ వెలాసిటీ చూడండి. బాగా వచ్చిన ఒక్క అంకెను పట్టుకోకండి, పదింటి సగటు తీయండి. సగటు ఒకటే వస్తే తేలికది తీసుకోండి, ఆలస్యంగా నిర్ణయించుకునే వీలు దానితోనే ఎక్కువ. వచ్చే ఏడు కూడా పనికొస్తుందని రెండు అంగుళాలు పెద్దది కొనడం తల్లిదండ్రులు మంచి మనసుతో చేసే పొరపాటు. ఆ ఏడంతా పిల్లవాడు బ్యారెల్‌ను ఈడ్చుకుంటూ తిరుగుతాడు, ఆ దారే ఒంటికి అలవాటైపోతుంది.

2025లో టార్పెడో బ్యాట్ల పేరు మోగింది. సీజన్ మొదట్లో న్యూయార్క్ యాంకీస్ ఒకే మ్యాచ్‌లో తొమ్మిది హోమ్ రన్లు కొట్టినప్పుడు కొందరి చేతిలో అవే ఉన్నాయి. కొస నుంచి కొంత చెక్కను బ్యాటర్‌కు బంతి ఎక్కువగా తగిలే చోటుకు జరుపుతారు. అదే మ్యాచ్‌లో మూడు కొట్టిన ఆరన్ జడ్జ్ చేతిలో మాత్రం మామూలు బ్యాటే ఉంది. బంతి ఎప్పుడూ ఒకే చోట, పిడి వైపుకు తగిలేవాళ్లకే అది ఉపయోగం. పిల్లలకు తగిలే చోటు ఇంకా స్థిరపడదు, కాబట్టి దాని మీద డబ్బు పెట్టకండి.

మార్పు ఎలా చేయాలి

ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ సీజన్ అయ్యాక. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సమయం ఉంటుంది. మొదటి రెండు వారాలు టీ మీద, రోజుకు 40 స్వింగ్‌లు, పదేసి చొప్పున, మధ్యలో నిమిషం విరామం. అలిసిపోయాక చేసే స్వింగ్ పాత అలవాటునే బలపరుస్తుంది. టీని బంతి తగలాల్సిన చోట పెట్టాలి: నడిమి బంతికి ముందు పాదానికి ఎదురుగా, లోపలి బంతికి దానికంటే ఆరు అంగుళాలు పిచర్ వైపు, బయటి బంతికి ఆరు అంగుళాలు వెనక్కి. మన పిల్లలు ఎక్కువగా టీని కడుపుకు ఎదురుగా పెట్టుకుని కొడతారు. అక్కడ తగిలే బంతికి బ్యారెల్ ఇంకా పూర్తి వేగం అందుకోదు.

ఆ తర్వాత మూడు వారాలు పక్కనుంచి మెత్తగా విసిరే బంతులు, తర్వాత ఎదుటినుంచి. వేగమైన పిచింగ్ మెషీన్‌కు చివర్లో వెళ్లండి, మొదటే వెళ్తే భయంతో కొత్త కదలిక చెదిరిపోతుంది.

మార్పు పట్టిందా లేదా అన్నది నెట్‌లో బంతిని చూస్తే తెలుస్తుంది. నెట్‌కు పది, పన్నెండు అడుగుల దూరంలో టీ పెట్టి, బంతి నడుమ చుట్టూ మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత నిలువుగా పిచర్ వైపు చూసేలా టీ మీద పెట్టండి. బాగా తగిలిన బంతి మీద ఆ గీత నిలువుగా, చెదరకుండా, వెనక్కి తిరుగుతూ నెట్ దాకా కనబడుతుంది. గీత పక్కలకు వణికితే బ్యారెల్ బంతి చుట్టూ తిరిగిందన్నమాట, మణికట్లు తొందరగా మడుస్తున్నారు. ముందుకు దొర్లుతూ కిందికి దిగితే బ్యాట్ బంతి పైభాగాన్ని తాకుతోంది. పదిలో ఆరు బంతుల మీద గీత నిలువుగా ఉంటే ఎదుటినుంచి వచ్చే బంతికి వెళ్లవచ్చు. నాలుగుకు తగ్గితే ఇంకో వారం టీ దగ్గరే ఉండండి.